రిపేరు అక్క, రెండు పవర్‌బ్యాంకులు

పోయిన నెల ఒక బుధవారం ఉదయం క్లాసుకు బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. తెర మీద ‘రిపేరు అక్క’ అని కనిపించింది. ఎత్తితే మాట్లాడింది ఆవిడ భర్త. “మీ అక్క పోయిందమ్మా. డయాలసిస్‌కు పోదామని తయారై కూసున్నది, కుర్చీలనే ఒరిగిపోయింది” అన్నారు. “మీకు చెప్పాలె అనిపిచ్చింది” అని కూడా అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, బట్టల కొట్టు మెట్ల కింద, ఇద్దరు నిలబడితే నిండిపోయే మొబైల్ రిపేరు దుకాణం ఆవిడది. నల్లగొండ దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఎల్బీనగర్ వచ్చారు. భర్త ఆటో నడుపుతారు. పదో తరగతి చదివిన ఆవిడ ఒక దుకాణంలో ఫోన్ కవర్లు అమ్మే పనిలో చేరి, పక్కన కూర్చున్న మెకానిక్ చేతులు చూస్తూ పని నేర్చుకున్నారు. నేను అదే సందులో ఉన్న కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతాను. ఏళ్ళ తరబడి మా మధ్య ఉన్నది పలకరింపులే. నర్మదా నది చుట్టూ పరిక్రమ నడవాలని నేను నిర్ణయించుకున్నాకే అసలు పరిచయం మొదలైంది.

నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, వీపున సంచితో, నాలుగైదు నెలల నడక అది. నాకు చిన్నప్పటి నుంచీ షుగరు. చేతికి అంటించుకున్న సెన్సారు నా రక్తంలో చక్కెర ఎంతుందో ఫోన్‌కి చెబుతుంది. బాగా పడిపోతుంటే ఫోన్ మోగుతుంది. మావారు వద్దనలేదు. ఒక్కటే అడిగారు. “అడవిలో చార్జింగ్ అయిపోతే ఏం చేస్తావు?”

జవాబు కొనుక్కుందామని అక్క దగ్గరకు వెళ్ళాను. “అన్నిటికంటే పెద్ద పవర్‌బ్యాంకు ఇవ్వండక్కా” అన్నాను.

ఆవిడ కంటి దగ్గరి భూతద్దం పైకి జరిపారు. “ఏడికి పోతున్నవ్ చెల్లె?”

చెప్పాను.

“ఆ దారిల కరెంటు ఎన్ని రోజులకొకసారి దొరుకుతది?”

“తెలీదండి.”

“గది తెల్సుకొని రా. అప్పుడు చూద్దాం.”

అమ్మే వస్తువు ఎదురుగా వేలాడుతుండగా నన్ను ఉత్త చేతులతో పంపేశారు. నాకు కోపం వచ్చింది కూడా. ఇంటికెళ్ళి, అంతకుముందు నడిచివచ్చిన నలుగురికి ఫోన్లు చేశాను. అడవి దారిలో మూడు రోజుల పాటు కరెంటు దొరకకపోవచ్చని తేలింది. వారం తర్వాత వెళ్ళి ఆ మాట చెబితే, “మూడంటే నాలుగనుకో. నీ ఫోన్ రోజుకెంత తింటది?” అన్నారు. అదీ నాకు తెలీదు.

అప్పుడు ఆవిడ నాకు వారం రోజుల పని పెట్టారు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సెన్సారు కోసం బ్లూటూత్ మాత్రం ఉంచి, తెర వెలుగు తగ్గించి, సంచి వీపున వేసుకుని రోజూ సరూర్‌నగర్ చెరువు వైపు నడవాలి. సాయంత్రం క్లాసయ్యాక ఎంత చార్జింగ్ మిగిలిందో వచ్చి చెప్పాలి. వారం చివర లెక్క తేలింది. రోజుకు సగం. నాలుగు రోజులకు రెండు నిండు చార్జింగులు.

“డబ్బా మీద రాసిందంత నీ ఫోన్లకు రాదు చెల్లె. నడిమిట్ల వేడికి కొంత పోతది. మూడు వంతులల్ల రెండు వంతులే నీది” అన్నారు. పిల్లలకు బ్యాటరీల పాఠం చెప్పే నేను ఆ మాట నోట్సులో రాసుకున్నాను.

ఎండకు చార్జింగ్ ఎక్కే సోలారు పలక ఉన్న పవర్‌బ్యాంకు కొందామని నాకు ఆశగా ఉండేది. ఆవిడ ఎవరి దగ్గరో అడిగి తెచ్చి, దుకాణం పైన రేకు మీద పొద్దంతా ఎండలో పెట్టించారు. సాయంత్రం దించి చూపించారు. “గింత ఎక్కింది. నువ్వు నడుస్తుంటే దీని మీద చెట్ల నీడ పడ్తది, గింత గూడ ఎక్కది. పైంగ ఎండల కాలి బ్యాటరీ ఖరాబైతది.” ఇంకో మాట కూడా చెప్పారు. అడవి ఊళ్ళలో గంటసేపే కరెంటు ఉంటే, ఆ గంటలో పవర్‌బ్యాంకు తను ఎంత నిండుతుందన్నది చూడాలట. నేను దాని గురించి ఆలోచించనే లేదు.

చివరికి పక్కనున్న డ్రైఫ్రూట్స్ కొట్టులో కాటా మీద పెద్దది ఒకవైపు, చిన్నవి రెండు ఒకవైపు పెట్టి చూశారు. బరువు దాదాపు ఒకటే. “రెండు చిన్నయి కొను. ఒకటి సంచిల, ఒకటి ఒంటి మీద. ఒకటే ఉంటే, అది పోయిన్నాడు నీ దగ్గర ఏం ఉండది.” కానీ చిన్నవాటిలో త్వరగా నిండే రకం తన దుకాణంలో లేదు. అది ఎక్కడ దొరుకుతుందో చెప్పి నన్ను వేరే కొట్టుకు పంపారు.

సోమ, బుధ, శుక్రవారాలు ఆ దుకాణం మధ్యాహ్నం దాకా తెరుచుకోదు. ఎందుకని ఒకరోజు అడిగాను. స్క్రూలు బిగిస్తూనే చెప్పారు. “నేను గూడ చార్జింగ్ మీద నడిసేదాన్నే చెల్లె. వారానికి మూడు మార్లు. రెండు రోజులు దాటే ఊరికి నేను పోలేను. పోగలిగెటోళ్ళు ఆగొద్దు.”

బయలుదేరే ముందు మావారిని తీసుకెళ్ళాను. అక్క ఆయనతో, “నాలుగు రోజులదాంక ఫోన్ బంద్ గాదు సార్. అయిదో రోజు గూడ కరెంటు దొరక్కుంటే, వేలు గుచ్చి చూసుకునే మిషన్ సంచిల ఉన్నది. ఇంకేమన్న అడుగుతరా?” అన్నారు. ఇంటికి వెళ్ళే దారిలో నా సంచి మావారే మోశారు.

అడవిలో మూడో రోజు వాన పట్టుకుంది. సంచిలోని పవర్‌బ్యాంకులోకి నీళ్ళు చేరి అది పనిచేయడం మానేసింది. నడుముకు కట్టుకున్నది పొడిగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం గుట్ట ఎక్కుతుంటే ఫోన్ మోగింది. నాకైతే అప్పటికి ఏ తేడా తెలియడం లేదు. చెమటలు ఎక్కువ పడుతున్నాయి, గుట్ట ఎక్కడం వల్లే అనుకున్నాను. చూస్తే చక్కెర వేగంగా పడిపోతోంది. రాయి మీద కూర్చుని బెల్లం తిన్నాను. అంకె మళ్ళీ పైకి లేచేదాకా కదలలేదు. కింద లోయలో నది తప్ప మనిషన్నవాడు లేడు.

రెండు రోజులకు సిగ్నల్ దొరికాక ముందు అక్కకే ఫోన్ చేశాను. “అక్కా, వానకి ఒకటి పోయింది” అన్నాను.

“రెండోది?”

“పని చేస్తోంది.”

“మరి నడువ్.”

నడిచాను. పూర్తి చేశాను. దారిలో నేను పంపిన నది ఫోటోలన్నీ ఆవిడ డయాలసిస్ మంచం మీద చూసేవారట. పక్క మంచాల వాళ్ళకు చూపించి, “మా చెల్లె ఇయ్యాల గీడిదాంక వచ్చింది” అనేవారట. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు. ఆవిడ పోయిన పదకొండో రోజు కర్మకి, ఆ డయాలసిస్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెప్పారు.

మొన్న ఆదివారం ఆవిడ భర్త దుకాణం తెరిచారు. నేనూ వెళ్ళాను. సొరుగులో ఇరవైకి పైగా ఫోన్లు ఉన్నాయి. ఒక్కోదానికి కాగితం చుట్టి ‘మైకు’, ‘తెర’, ‘నీళ్ళల్ల పడ్డది, అయింది’ అని రాసి ఉంది. పేర్లు లేవు.

“ఆమెకు మొఖాలే యాదికుండేటియి” అన్నారాయన. “ఎవరియో నాకు తెల్వది. కానీ ఒక్కటి గూడ ఉంచుకోను. అందరికి ఇచ్చుడే.”

తెర మీద బొమ్మ చూస్తే సందులో ఎవరో ఒకరు గుర్తుపడతారన్నాను. దుకాణంలో ఉన్న వైర్లన్నీ వెతికి, ఫోన్లను బల్ల మీద వరుసగా పెట్టి చార్జింగ్‌కి తగిలించాం. చాలాసేపు ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత ఒక తెర వెలిగింది, అందులో బోడిగుండుతో పాప. దాని పక్కది వెలిగింది, పెళ్ళిబట్టల్లో జంట. తర్వాత మెడలో గంట కట్టిన బర్రె, ఆ తర్వాత కొత్త ఆటో ముందు నిలబడ్డ నలుగురు అన్నదమ్ములు. ఆయన బల్ల మీదికి వంగి, ఒక్కో ముఖాన్నీ తీరిగ్గా చూస్తున్నారు.