విస్తరి ముందు నుంచి లేచిన నాయకుడు

పోలీసు చర్య తరువాత వచ్చిన ఎండాకాలంలో మా తాలూకా నాయకుడి వెంట వారం పాటు ఊళ్లు తిరిగాను. అప్పటికి ఎన్నికలు రాలేదు, ఆయనకు పదవీ లేదు. ఒక ఊళ్లో బడి తెరిచాడు. ఇంకో ఊళ్లో పెళ్లికి వెళ్లాడు. మరోచోట మాదిగవాడకు బావి తవ్వించమని పెద్దలతో పోట్లాడాడు. నాయకులను పొగడటం నాకు అలవాటు లేదు. దేవుళ్లనే ప్రశ్నించేవాణ్ణి, మనుషులను వదులుతానా? ఈయన దగ్గర మాత్రం ఓడిపోయాను.

మోత్కూరు దగ్గరి ఊళ్లో ఒక పెద్ద రైతు మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఆ చుట్టుపక్కల నాయకుడికి అండ ఆ రైతే. వాకిట్లోనే ఒక గొల్లామె అడ్డం నిలబడింది.

"అయ్యా, నా మొగన్ని మిల్ట్రోళ్లు క్యాంపుల ఏసిండ్రు. గుట్టలల్ల దళపోళ్లకు కూడు మోస్తున్నవని కొడ్తుండ్రు. రేపు జైలుకు తోల్తరట."

"నిజంగ మోసిండా, చెల్లె?" అని అడిగాడు నాయకుడు.

"కుండెడు గటక మోసిండు, మందకాడి గొల్లోళ్లకు. గీ పటేల్ చేన్లనే మంద పెట్టిండ్రు. కుండ గీ ఇంట్లకెల్లే పోయింది."

మా వైపు పద్ధతి అది. ఎరువు కోసం ఎవరి చేనులో రాత్రిళ్లు గొర్రెల మందను ఉంచుతారో ఆ రైతే కాపరులకు తిండి పెడతాడు. సిపాయిలు వచ్చి అడిగితే ఈ రైతు భయపడి, ఆ కుండ సంగతి తనకు తెలియదన్నాడు. దానితో కాపరుల జొన్న గటక గుట్టల్లోని కమ్యూనిస్టు దళాలదైపోయింది.

ఎల్లమ్మకు మొక్కుకొమ్మని ఆ ఇంటి ముసలమ్మ గొల్లామెకు చెప్పింది. ఆమెకు కావలసింది సాక్షి, మొక్కు కాదు అన్నాను నేను.

లోపల విస్తళ్లలో అన్నం వడ్డించారు. నాయకుడు కూర్చున్నవాడల్లా లేచాడు.

"పటేలా, ఆ కుండ నీదేనా?"

"మాదే. ఒప్పుకుంటే నన్ను గూడ గుంజుకపోతరు. జర తిను అన్నా, తర్వాత మాట్లాడుదం."

"నువ్వు క్యాంపుకొచ్చి చెప్పు. లేకుంటే నీ ఇంట్ల నీళ్లు గూడ ముట్ట."

"రేపు ఎలచ్చన్లొస్తే నేను లేంది నీకు ఎవడు నిలబడ్తడు?"

"ఎవడు నిలబడకున్నా మంచిదే. గాయన జైలుకు పోతే నేను ఏ మొఖం పెట్టుకొని తిరగాలె?"

వచ్చిన అతిథి తినకుండా గడప దాటితే ఆ ఇంటాయన ఊళ్లో తలెత్తుకోలేడు. రైతు తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. గొల్లామె మా వెనకే వచ్చింది.

క్యాంపులో నాయకుడు బతిమాలలేదు. రైతును ముందుకు నిలబెట్టి తాను పక్కకు తప్పుకున్నాడు. "భయమై అబద్ధమాడిన సాబ్" అన్నాడు రైతు. అధికారి నమ్మలేదు. మనుషులను పంపి చేనును, మందను, మిగతా కాపరులను చూసి రమ్మన్నాడు. వాళ్లు తిరిగి వచ్చాకే గొల్లాయనను వదిలాడు.

అతని ముఖం వాచి ఉంది. "పటేలా, మంద నీ చేన్లనే పెట్టాల్నా, నకిరేకల్ దిక్కు తోలుకపోవాల్నా?" అని అడిగాడు.

రైతు సిపాయిల వైపు ఒకసారి చూశాడు. అందరికీ వినబడేలా, "ఈడనే పెట్టు. కూడు మా ఇంట్లకెల్లే వస్తది. నేనే మోసుకొస్త" అన్నాడు.

"మోసుడు నీకేడొస్తది పటేలా, దారి పొడుగున ఒలకబోస్తవ్" అంది గొల్లామె.