నిల్ అని రాసిన ఒర్రె

2022 జూలై. నాచారంలో ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబ్‌లో నేను ఫీల్డ్ అనలిస్టుని. ఉప్పల్ దాటి చెంగిచెర్ల వైపు వెళ్తుంటే రెండు కాలనీల మధ్య సన్నటి ఒర్రె ఒకటి పారుతుంది. దాని ఒడ్డున యాదమ్మ అనే ఆవిడ పాలకూర, కొత్తిమీర పండించి అమ్ముకుంటుంది. ఆ నీళ్ళ మీద అనుమానంతో కాలనీవాళ్ళు కొనడం మానేశారు. నీళ్ళు మంచివని కాగితం వస్తేనే కొంటామన్నారు. కాలనీ కమిటీ మమ్మల్ని పిలిచింది. ఆ కాగితం రాయాల్సింది నేనే.

వెళ్ళి చూసి ఆశ్చర్యపోయాను. ఊళ్ళో ఇంత తేట నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. రంగు లేదు, వాసన లేదు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, మేం డీవో అంటాం, అదీ బాగుంది. కానీ వాన వెలిసిన పొద్దున మోకాలెత్తు గడ్డిలో నిలబడితే ఒక్క దోమ కుట్టలేదు. ఒక్క తూనీగ లేదు. నీళ్ళ గలగల తప్ప ఏ చప్పుడూ లేదు.

చివరిగా కిక్ శాంప్లింగ్ చేశాను. వల అడ్డం పెట్టి, దానికి ఎగువన కాలితో రాళ్ళను కదిపితే, వాటి కింద దాక్కున్న పురుగులు వలలో పడతాయి. వాటిని తెల్ల ట్రేలో వంపుతాం. మామూలుగా కాసేపటికి బురదే లేచి నడుస్తున్నట్టు ట్రే అంతా కదులుతుంది. మురికి కాలువలో కూడా ఎర్ర పురుగులైనా మెలికలు తిరుగుతాయి. ఈ ట్రే మాత్రం కదల్లేదు. పది నిమిషాలు చూశాను. ఎవరో వెనక నిలబడ్డట్టనిపించి తిరిగాను. ఎవరూ లేరు. నిజం చెప్తున్నాను, భయమేసింది.

వానకు కొట్టుకుపోయి ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా ఫారంలో ఏదైనా లేకపోతే 'నిల్' అని రాయడం అలవాటు. రంగు నిల్, వాసన నిల్, పురుగులు నిల్. అన్నీ నిల్ చూసి కమిటీ సంబరపడింది. మర్నాడు యాదమ్మ రెండు పాలకూర కట్టలు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది.

"నిల్ అంటే ఏంది బిడ్డా?"

"ఏం లేదని, పెద్దమ్మా."

"ఏం లేదంటే? సెడ్డ లేదనా, మంచి లేదనా?"

కుర్చీ జరిపాను. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"పురుగు గూడ లేదంటివి గదా, అందుకే అడుగుతున్న. పోయినేడు వానలు పడకుంటే కప్పతల్లి ఆడుదమనుకున్నం. రోకలికి కప్పను గట్టి ఇల్లిల్లు తిరగాలె. ఒర్రె పొడుగూత దేవులాడినా ఒక్కటి దొర్కలే. చెర్వు కాడికెల్లి తెచ్చినం. ఆట అయినంక పున్నెమస్తదని ఒర్రెల ఇడిసినం. అది నీళ్ళల్ల ఉండలే. దుంకి ఒడ్డెక్కింది. మల్ల ఇడిస్తే మల్ల ఎక్కింది. మూడోసారి..." ఆగింది. "మూడోసారి ఎక్కలే."

"నీళ్ళల్ల ఎప్పుడన్న తేడా తెలిసిందా?"

"శుక్రారం పొద్దుగూకంగ జర ఎచ్చగస్తయ్. కాళ్ళకు తెలుస్తది. గంటల మల్ల సల్లబడ్తయ్."

శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఒర్రె పక్కన నిలబడ్డాం. పొద్దు గుంకుతుండగా థర్మామీటర్ పెరగడం మొదలైంది. నీటి పులుపు చెప్పే పీహెచ్ మీటర్ ఏడు నుంచి మూడుకు జారింది. ఎగువన ఏ ఫ్యాక్టరీ గోడ వెనకనుంచో వేడి ఆమ్లం వదులుతున్నారు. నీళ్ళు మాత్రం అంతే తేటగా ఉన్నాయి. గంట తర్వాత ఒర్రె ఏమీ ఎరగనట్టు పారింది.

"నా చేత్తోని మందికి ఇసం వెట్టలే గదా బిడ్డా?"

"తెల్వదు పెద్దమ్మా," అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

కొత్త రిపోర్టు నేనింకా రాయకముందే, మర్నాడు పొద్దున్నే, ఆమె మళ్ళలోని కూరంతా తన చేతులతోనే పీకేసింది. ఇప్పుడు చిల్కానగర్‌లో ఒక అపార్టుమెంటులో పనిచేస్తోంది. కొత్త రిపోర్టుతో ఫిర్యాదు పెట్టాక శుక్రవారాల వేడి ఆగింది. పురుగులు మాత్రం తిరిగి రాలేదు.

సీసాలో పట్టిన నీళ్ళకు ఆ నిమిషం సంగతే తెలుసు. రాళ్ళ కింద పురుగుకు ఏడాది పొడుగునా ఏం పారిందో తెలుసు. ఆ సాక్షులే లేకుండా పోతే నేను నిల్ అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం కాదు, కానీ సిగ్గుపడాల్సిన నిజం. ఇప్పుడు ఫారంలో ఆ గడిలో 'ఉండాల్సినవి లేవు' అని రాస్తాను.

ఏటా తొలివాన పడ్డ సాయంత్రం యాదమ్మ ఒర్రె దగ్గరికి వెళ్ళి నాకు ఫోన్ చేస్తుంది. "ఇను బిడ్డా" అని ఫోన్ నీళ్ళ వైపు పెడుతుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి కప్ప కోసం వింటాం. నీళ్ళు గలగలా పారుతూ ఉంటాయి.