తెర వెలగని కంప్యూటరు

కాఫీ గింజలు కొనే కంపెనీ అరకులో తన చిన్న ఆఫీసు మూసేశాక నాకు ఒకచోట కూర్చోవడం చేతకాకుండా పోయింది. అక్కడ బిల్లులు టైపు చేసేదాన్ని. ఉద్యోగం పోయాక తుడిచిన గదినే మళ్లీ తుడిచేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి, వెళ్లి రోడ్డు పక్కన నిలబడేదాన్ని. మా ఆయన పర్యాటకుల జీపు నడుపుతాడు. పొద్దున బొర్రా గుహల వైపు వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో నేనూ మా అత్తా.

అప్పుడే విశాఖపట్నంలోని ఒక సంస్థ నుంచి పని కబురు వచ్చింది. ఆదివాసీ ఒడియాలో మాట్లాడిన రికార్డింగులు విని తెలుగు అక్షరాల్లో టైపు చేయాలి, కింద అర్థం రాయాలి. శుక్రవారంలోగా పరీక్ష ఫైళ్లు చేసి పంపితే, నచ్చినవాళ్లకి ఇంటి నుంచే పని. నేను పుట్టింది సాలూరులో. ఆ భాష నాకు పెళ్లయ్యాక అత్త నోటి నుంచే వచ్చింది. కానీ వాళ్ల సాఫ్ట్‌వేరు ఫోనులో పనిచేయదట.

కొత్త ల్యాప్‌టాప్ మా తాహతుకి మించిన మాట. విడిభాగాలు కొని నేనే బిగించుకుంటానన్నాను.

"బండి కొంతన్నావా, సక్రాలు కొంతన్నావా?" అంది అత్త.

"చక్రాలు కొని బండి కడతానత్తా."

"మరి ఎద్దులో?"

ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో వీడియోలు చూసి తేల్చుకున్నాను. మానిటరు పాతదైనా ఫర్వాలేదు. క్యాబినెట్ రేకుడబ్బా అయినా చాలు. ర్యామ్ ఇప్పటికి ఒక్కటే, రెండో దాని చోటు ఖాళీగా ఉంచుకోవచ్చు. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మాత్రం మంచిదే కావాలి, అది కాలితే మిగతావన్నీ కాలతాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనే పని లేకుండా, తెరకి బొమ్మ తనే పంపగల ప్రాసెసర్ ఎంచుకున్నాను.

విశాఖలో షాపతను పెట్టెలన్నీ బల్ల మీద పేర్చి, "మీరడిగిన ప్రాసెసర్ స్టాకు లేదు మేడం. ఇది తీసుకోండి. స్పీడు అదే, పేరు చివర ఒక్క అక్షరమే తేడా" అన్నాడు. రైలు వేళ దగ్గర పడుతోంది. సరేనన్నాను. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ మదర్‌బోర్డు పెట్టె ఒళ్లోనే ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఇంట్లో చాప మీద పేపర్లు పరిచి అన్నీ బిగించాను. చేతులు ఆగడం లేదు. ఒక స్క్రూ సగం తిప్పేసరికే కళ్లు తర్వాతి దాని మీదికి పోతున్నాయి. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"తిరుగుతన్నాది కదే, ఇంకేటి?" అంది అత్త.

"తిరుగుతోంది. కనబడటం లేదు."

మానిటరుని పక్కింటి సెట్‌టాప్ బాక్సుకి తగిలించి చూశాను. టీవీ బొమ్మ చక్కగా వచ్చింది. అంటే మానిటరూ కేబులూ మంచివే. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లని రబ్బరుతో రుద్ది, పక్క స్లాటులో పెట్టాను. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి మళ్లీ వేశాను. ఫలితం లేదు. వానలో గుమ్మం దిగుతాను, రెండడుగులు వేసి వెనక్కొస్తాను, మళ్లీ స్విచ్చి వేస్తాను.

"కాలు కాలిన పిల్లిలాగ తిరక్కే గుంటా. కూకో. ముందు కూడు తిను."

తినలేదు. మర్నాడు పొద్దున ప్రాసెసర్ పెట్టె చేతిలోకి తీసుకుని, పేరు చివరి అక్షరాన్ని ఫోనులో వెతికాను. ఆ రకానికి తెరకి బొమ్మ పంపే శక్తి లేదు. వేరే కార్డు ఉండి తీరాలి. ఒళ్లు మండింది, గుండె తేలికపడింది కూడా. తప్పు నా బిగింపులో లేదు కదా.

షాపుకి ఫోన్ చేస్తే, "తీసుకురండి మేడం, మార్చి ఇస్తాను" అన్నాడు. ఎలా వెళ్లను? రాత్రి వానకి పట్టాల మీద బండరాళ్లు పడి రైళ్లు ఆగాయి. ఘాట్ రోడ్డూ మూసేశారని జీపు ఇంట్లోనే పెట్టుకున్న మా ఆయన చెప్పాడు. శుక్రవారానికి ఎంతో దూరం లేదు. అతను ఊరకే కూర్చుని టీ తాగుతుంటే నాకు కోపం వచ్చింది. "నీ పర్యాటకులు దిగే ఏ లాడ్జిలోనూ పాత కంప్యూటర్ లేదా?" అని అరిచాను. కప్పు కింద పెట్టి, జీపు తాళాలు తీశాడు.

అతను తీసుకెళ్లిన లాడ్జి ఓనరు మైదానం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. మేడ మీది గదిలో పాడైన కంప్యూటర్ చూపించాడు. దాన్లో గ్రాఫిక్స్ కార్డు ఉంది. "అదెప్పటిదో తల్లీ, పన్సేత్తాదో లేదో. పట్టుకెల్లు, అయ్యాక తెచ్చీ" అన్నాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, ఇంటికి తెచ్చి తగిలించాను. తెర వెలిగింది! నా కేకకి కోళ్ల గూటి దగ్గరున్న అత్త పరిగెత్తుకొచ్చింది.

"ఏటైనాదే? కరెంటు కొట్టిందా?"

"వచ్చిందత్తా! బొమ్మ వచ్చింది!"

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సాఫ్ట్‌వేరు ఎక్కుతుండగానే కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. వేస్తే వెలుగుతుంది, కాసేపటికి మళ్లీ ఆరుతుంది. కరెంటేమో అనుకున్నాను కానీ ఇంట్లో బల్బు కొట్టుకోవడం లేదు. కార్డు తప్పేమో, ఎస్ఎంపీఎస్ తప్పేమో అని ఒక్కొక్కదాన్నీ అనుమానించాను. చివరికి లోపలి వేడి చూపించే పేజీ తెరిచాను. చూస్తుండగానే అంకె పెరుగుతోంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ని వేలితో కదిపితే ఊగింది. దాన్ని బోర్డుకి బిగించే నాలుగు పిన్నుల్లో ఒకటి లోపలికి దిగనే లేదు.

ప్లగ్గు పీకి, ప్రాసెసర్ వేడిని ఫ్యాన్‌కి అందించే పాత పేస్టు తుడిచి, కొత్తది వేశాను. బోర్డు విరుగుతుందేమోనన్న భయంతోనే పిన్నుల్ని టక్కుమనేదాకా నొక్కాను. తర్వాత అంకె పెరగడం మానేసింది. నేను మాత్రం చాలాసేపు దాని ముందు నుంచి లేవలేదు.

పరీక్ష ఫైళ్లలో ఒక ముసలావిడ గొంతు ఉంది. మంచులో దూడ తప్పిపోతే వెతికిన సంగతి చెబుతోంది. నాకు తెలియని మాట వస్తే ఆపి, అత్తని అడిగి రాశాను. దూడ దొరికిందో లేదో చెప్పకముందే రికార్డింగు అయిపోయింది.

"మిగిలింది పెట్టే."

"అంతే ఉందత్తా."

"అంతేటి? దూడేటైనాదో సెప్పకుండా ఆపీడమేటి?"

శుక్రవారం సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఫోను కిటికీలో పెట్టి, దాని నెట్‌తో ఫైళ్లు పంపుతూ, తెర మీద గీత నిండేదాకా చూస్తూ కూర్చున్నాను. తర్వాతి వారం నాకు పని ఇచ్చారు. రైళ్లు నడిచాక ప్రాసెసర్ మార్చుకున్నాను, కార్డు లాడ్జికి తిరిగిచ్చాను. ఇప్పుడు అత్త నా పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది. రికార్డింగులో ఎవరైనా చోడి అంబలి, అదే రాగి అంబలి, వండే తీరు తప్పుగా చెబితే, ఆ గొంతుతో పోట్లాటకి దిగుతుంది. పని ఆలస్యమవుతోందని నేను కుర్చీలో కదులుతుంటే, "ఆగే, ముందు ఆడికి సెప్పనీ" అని నన్నే కసురుతుంది.