గొర్రెల దగ్గర ఎవరుంటారు?

నేను ఎమ్మిగనూరులో బడి టీచర్ని. కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద కూడా కోపమే. ఏటా డిసెంబరు ఆదివారాల్లో మా ఇంటిల్లిపాదీ ఆదోని ఊరి చివర ఉన్న ఆశ్రమానికి వెళ్తాం. ఎవరూ లేని ముసలివాళ్ళు అక్కడ ఇరవై మందికి పైగా ఉంటారు. మా ఆయన కూరగాయలు తరుగుతాడు. మా అమ్మాయి అందరికీ గోళ్ళు కత్తిరిస్తుంది. మా అత్త ఎవరూ అడక్కుండానే ఆరోగ్య సలహాలు ఇస్తుంది. వీళ్ళంతా పని సరిగా చేస్తున్నారో లేదో నేను చూస్తుంటాను. అది కూడా ఎవరూ అడగలేదు.

పోయినేడాది నాకొక ఆలోచన వచ్చింది. ఊరికే అన్నం వడ్డించి రావడం కాదు, ఆశ్రమం వాళ్ళతోనే క్రీస్తు పుట్టుక నాటకం వేయించాలి. రాత్రికి రాత్రే రాసేశాను. మరియమ్మ మా అమ్మాయి. యోసేపు ఒకప్పటి దర్జీ. నిలబడి కూడా నిద్రపోగలడు. పసిబిడ్డ, అక్కడ వంట చేసే ఆమె మనవరాలు. ఆడపిల్లే, కానీ గుడ్డల్లో చుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? బిడ్డకు కానుకలు తెచ్చే ముగ్గురు జ్ఞానులు ఆశ్రమంలోని తాతలే. దేవదూత వేషం మా అత్తకిచ్చాను. ఇంట్లో ప్రశాంతత కావాలంటే కొన్ని తప్పవు.

గొర్రెల కాపరి కోసం వెతికే పనే లేకపోయింది. ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి జీతానికి గొర్రెలు కాచినవాడు. కంబళి ఆయనదే, కర్ర ఆయనదే. నేర్పాల్సిందేమీ ఉండదని తెగ సంబరపడ్డాను.

మొదటి ఆదివారం రిహార్సల్. మా అత్త బెంచీ ఎక్కి, "భయపడొద్దు! బేత్లెహేములో బిడ్డ పుట్టినాడు, పోయి సూడండి!" అని అరిచింది. ఆ గొంతుకు యోసేపు ఉలిక్కిపడి లేచాడు. పెద్దాయన వరండా ఈ చివర నుంచి ఆ చివరికి, అంటే పది అడుగులు, నడిచి పశువుల తొట్టి దగ్గర మోకరించాలి. ఆయన కదల్లేదు.

"వెళ్ళు తాతా," అన్నాను.

"యాడికి?"

"బిడ్డను చూడ్డానికి."

"మరి గొర్ల కాడ ఎవరుంటారు?"

గొర్రెలకు బదులు అక్కడ ముందే రెండు దిండ్లు పెట్టి ఉంచాను. "అవి దిండ్లు తాతా," అన్నాను.

"నువ్వే కదమ్మా గొర్లనుకోమంటివి. అనుకున్యా."

"దేవదూతే వచ్చి చెప్పాక వెళ్ళకుండా ఉంటారా ఎవరైనా?"

"ఆయమ్మకేమి, సెప్పి పోతాది. తోడేలొస్తే ఆయమ్మొచ్చి తరుముతాదా?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాడు. మా అత్త ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

రెండో ఆదివారానికి, గొర్రెలను దేవుడే కాపాడతాడని దేవదూత మాటల్లో ఒక వాక్యం కలిపాను. పెద్దాయన అంతా విని తలూపాడు. "మంచిదే. కానీ దేవుడు సూసుకుంటాడని ఇడిసిపెట్టొస్తి అంటే గొర్లు గల ఆయప్ప నన్ను ఊరికే ఇడుస్తాడా?"

అక్కడితో నా ఓపిక అయిపోయింది. వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇయ్యొద్దమ్మా. నాకూ బిడ్డను సూడాలనే ఉంది," అన్నాడు. కాసేపు కర్రను అటూ ఇటూ తిప్పి మళ్ళీ అన్నాడు. "నా కూతురు పుట్టినప్పుడు నేను మంత్రాలయం అవతల, ఏటి గట్టున మందతో ఉన్యా. కబురొచ్చినాది. గొర్లను ఎవురికి అప్పజెప్పి పోవాల? ఆర్నెల్లకు పోయినా. నన్ను సూసి కొత్తోడనుకొని ఒకటే ఏడుపు!"

చెప్పి తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వేషం నీదే తాతా అన్నాను. కానీ ఆ పది అడుగులు ఆయన్ను నడిపించడం ఎలాగో మాత్రం తోచలేదు.

మా ఆయనకు తోచింది. నిజం గొర్రెపిల్లలను తెచ్చి గుంజకు కట్టేస్తే ఏ గొడవా ఉండదన్నాడు. నాటకం రోజు తెలిసినవాళ్ళను అడిగి రెండు పిల్లలను ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. దిగేసరికి ఆటో సీటూ ఆయన ప్యాంటూ చూడలేకపోయాం. పెద్దాయన మాత్రం పండగ ఇప్పుడే వచ్చినట్టు ఎదురొచ్చాడు. వాటి నోళ్ళు తెరిచి చూశాడు, గిట్టలు చూశాడు, ఒకదానికి పడిశం పట్టిందన్నాడు. తర్వాత తాళ్ళు విప్పేశాడు. కట్టేస్తే తోడేలు వచ్చినప్పుడు పరుగెత్తలేవట.

సాయంత్రం నాలుగు గంటలు. ఎండ వరండా నిండా ఉంది, కానీ అది నడిరేయి అని ఎదురుగా కూర్చున్న ఆశ్రమం వాళ్ళంతా అనుకోవాలి. మా అత్త గంజి పెట్టిన తెల్లచీరలో, అట్టముక్కల రెక్కలతో బెంచీ ఎక్కి కబురు చెప్పింది. పెద్దాయన లేచాడు. తొట్టి వైపు చూశాడు, గొర్రెపిల్లల వైపు చూశాడు. ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కి వేశాడు. స్తంభం చాటు నుంచి నేను చేతులు ఊపుతూనే ఉన్నాను.

"పోవాలనే ఉందమ్మా," అన్నాడు అందరికీ వినబడేట్టు. ఆ గొంతు విని నా చేతులు ఆగిపోయాయి.

అప్పుడు దేవదూత బెంచీ దిగింది. బస్సులో సీటును కొంగుతో రెండుసార్లు తుడవనిదే కూర్చోని మనిషి మా అత్త. ఆమె ఆ తెల్లచీరతో నేరుగా వెళ్ళి, రెండు గొర్రెపిల్లల మధ్య నేల మీద చతికిలబడింది. కర్ర కోసం చెయ్యి చాచింది.

"ఇట్లియ్యన్నా. పోయి సూసిరా. నలుగురు బిడ్లను సాకినదాన్ని, ఈ రెండింటిని సూసుకోలేనా?"

"తోడేలొస్తే?"

"రానీ. దాని సంగతి నేను సూస్తా."

పదిహేనేళ్ళుగా ఆమెతో కాపురం చేస్తున్నదాన్ని, నాకే అనుమానం కలగలేదు. ఆయనకూ కలగలేదు. కర్ర ఇచ్చి నడిచాడు.

నేను రాసిందేమిటంటే, కాపరి మోకరించి, దణ్ణం పెట్టి, వెంటనే వెనక్కి రావాలి. ఆయన తొట్టి పక్కన కంబళి పరుచుకొని బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. బిడ్డను చూస్తున్నాడు. మా అమ్మాయి "తాతా, లేవాలి," అని గుసగుసలాడింది. యోసేపు అప్పటికే నిద్రలో ఉన్నాడు. ఆ తర్వాత రావాల్సిన ముగ్గురు జ్ఞానులు చేతుల్లో కానుకల డబ్బాలతో గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చూస్తున్నారు. నిమిషం అయింది, రెండు అయింది. జనం నవ్వడం మొదలుపెట్టారు.

"ఓ అన్నా, ఇది నా రెక్క తింటాండాది! వస్తావా, రావా?" అని దేవదూత కేకేసింది.

ఆయన తల తిప్పలేదు.

"ఉండమ్మా, ఇప్పుడే కదా వచ్చినా," అన్నాడు.

నేను జ్ఞానులను కూర్చోమని సైగ చేశాను.