రెండో భాగంలో తిరిగొచ్చినవాడు

ఆ సినిమా మొదటి భాగం చివర్లో హీరో రిజర్వాయరులో మునిగిపోతాడు. నగరాన్ని కాపాడటానికి బాంబును గుండెకు హత్తుకొని నీళ్లలోకి దూకుతాడు. పైకి బుడగలు వస్తాయి, తెర నల్లబడుతుంది. రెండో భాగం మొదలయ్యేసరికి అతను తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటాడు. తల్లి అన్నం పెడుతుంది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని ఎవ్వరూ అడగరు.

మా ముగ్గురి మధ్య గొడవంతా ఈ ఒక్క విషయం మీదే.

ముగ్గురమూ షామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాం. ఒకామె కౌకూర్ నుంచి వస్తుంది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. ఇంకొకతను దూలపల్లి అబ్బాయి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. మా ఇద్దరినీ అక్కా అనే పిలుస్తాడు. సూపర్‌హీరో సినిమాలంటే ముగ్గురికీ పిచ్చి. కౌకూర్ అక్కకు తప్పులు పట్టడం ఇష్టం, అతనికి వాటికి జవాబులు కల్పించడం ఇష్టం, నాకు ఇద్దరినీ ఎగదోసి వినడం ఇష్టం.

ఆ ఆదివారం మేడ్చల్‌లో రెండో భాగం పొద్దుటి ఆట చూసి, భోజనానికి తూంకుంటలో మా ఇంటికొచ్చాం. ముసురు పట్టి ఉంది. మధ్యాహ్నమే అయినా లోపల లైటు వేసుకోవాల్సి వచ్చింది. బాపు ఎవరిదో పెళ్లికి వెళ్లాడు. మా అవ్వ గోడకు ఆనుకొని కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని ఎల్లిపాయలు ఒలుస్తోంది.

అన్నాలు తిన్నాక కౌకూర్ అక్క మొదలుపెట్టింది. "నీళ్లల్ల పడ్డప్పుడు ఆని మచ్చ ఎడమ చెంపకుండె. ఇంటికొచ్చినప్పుడు కుడి చెంపకున్నది. గింత పెద్ద సినిమా తీసిండ్రు, మచ్చ యాడున్నదో సూస్కోరా?"

"అరే అక్కా, అది తప్పు గాదు, కావాలనే పెట్టిండ్రు," అన్నాడు దూలపల్లి అబ్బాయి. "అద్దంల జూస్కుంటే కుడి ఎడమైతది గదా. నీళ్లు గుడ అద్దమే. వచ్చినోడు ఆడు గాదు, నీళ్లల్ల ఉన్న ఆని నీడ. మూడో భాగంల జెప్తరు సూడు."

"అన్నీ మూడో భాగం మీదికి నెట్టు! సరే, నీడే అనుకో. కన్నతల్లి గుర్తువట్టదా? ఊరంతట్ల ఒక్కడన్న అడగాలె గదా, ఇన్ని దినాలు యాడికి వోయినవ్ రా అని? గంత పెద్ద బొక్క ఉంటే కథ ఎట్ల నమ్ముతం?"

"అడగరు బిడ్డా," అంది అవ్వ.

ముగ్గురం ఆమె వైపు తిరిగాం. ఆమె చేతులు ఆగలేదు.

"మనిషి వచ్చి వాకిట్ల నిలవడ్డంక ఎవరడుగుతరు? దీని తాత వచ్చినప్పుడు గుడ ఎవ్వరడగలే."

మా తాతవాళ్లు షామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్లని నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలోనే ఆ పని వదిలేసి, తూంకుంటకు వచ్చి కూలి చేసుకున్నారని కూడా తెలుసు. ఎందుకు వదిలేశారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తాత ఎక్కడికో పోయి తిరిగొచ్చాడన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను.

"యాడికి వోయి వచ్చిండు అవ్వా?" అన్నాను.

ఆమె తొందరపడకుండా చెప్పింది. ఆ ఏడు వానలు దంచికొట్టాయట. చెరువు నిండి అలుగు పారుతోందట. తాత వల తీయడానికి తెప్ప మీద వెళ్లాడు. సాయంత్రానికి తెప్ప ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఈతగాళ్లంతా వెతికారు. దొరకలేదు. ఇక దొరకడని పెద్దలు తేల్చి, దినాలకు ఏర్పాటు చేశారు. ఆ రోజు అవ్వ గాజులు తీసేయాలి. ముత్తైదువులు వచ్చి కూర్చున్నారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పట్టపగలు, తాత నడుచుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"బట్టలు పొడిగున్నయి," అంది అవ్వ. "మా అత్త లేసి కాళ్లకు నీళ్లిచ్చింది. అన్నం పెట్టింది. తిన్నడు. ఉడికేది ఆని దినాల బువ్వనే."

"ఏం అడగలేదా దాదీ?" అన్నాడు దూలపల్లి అబ్బాయి. అవ్వను అలా పిలవడం అదే మొదటిసారి.

"ఏమని అడగాలె? పోయినాయన ఎడమచెయ్యితోని తింటుండె. మా అత్త ఎంత కొట్టినా ఆ అలవాటు పోలే. వచ్చినాయన కుడిచెయ్యితోని తిన్నడు. నేను సూసిన, అత్త సూసింది, వచ్చినోళ్లందరు సూసిండ్రు. ఒకలి మొకాలొకలం సూసుకున్నం. గంతే."

దూలపల్లి అబ్బాయి తన కుడిచేతిని ఎడమచేతితో పట్టుకొని కూర్చున్నాడు.

కౌకూర్ అక్క మాత్రం ఊరుకోలేదు. "ఎవరో పోలిక ఉన్నోడు వచ్చిండేమో అవ్వా."

"పోలిక ఉన్నోడైతే ఇంటి సంగతులెట్ల తెలుస్తయి? ఆయనకన్నీ ఎరికే. ఆయన లేనప్పుడు ఇంట్ల ఏమైందో గుడ ఎరికే. నేను యాడ గూసొని ఏడ్చిననో చెప్పిండు. దొడ్లె గోలెం పక్కన గూసొని ఏడ్చిన నేను. ఆడ ఎవ్వరు లేరు. గోలెంల నీళ్లే ఉండె."

బయట వాన కొంచెం పెద్దదైంది. నాకు మా ఇంట్లోని మూతలు గుర్తొచ్చాయి. బకెట్టు, బిందె, డ్రమ్ము, ఆఖరికి చెంబు మీద కూడా అవ్వ మూత పెట్టిస్తుంది. దోమల కోసమని అనుకునేదాన్ని. నేను బడికి పోయే రోజుల్లో తాత చనిపోయాడు. ఆయన గురించి నాకు గుర్తున్నవి కొన్నే. ఎండాకాలంలో ఆయన చెయ్యి చల్లగా ఉండేది. పిల్లలం ఆ చెయ్యి చెంపకు ఆనించుకొని పడుకునేవాళ్లం. నీళ్లు తాగేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. అందరు తాతలూ అలాగే తాగుతారనుకున్నాను.

"నువ్వన్న అడగకపోతివా?" అన్నాను.

అవ్వ చాట కింద పెట్టింది. "పోయినాయన తాగొచ్చి కొడుతుండె బిడ్డా. ఈపుల ఇంకా మచ్చలున్నయి. వచ్చినాయన నన్ను ఒక్కనాడు ఒక్క మాటనలే. నేను పడుకునేదాక మేలుకోని ఉంటుండె. అడిగితే వోతడేమో అని భయమైంది. అందుకే అడగలే."

"మీ అత్త? కన్నతల్లి గదా?" అంది కౌకూర్ అక్క. ఇందాక సినిమా గురించి అడిగిన ప్రశ్నే అది. కానీ ఈసారి మెల్లగా అడిగింది.

"పానం వోయేముందు నన్ను దగ్గరికి పిల్సింది. 'వీడు నా కొడుకు గాదు. కానీ మంచోడు. ఏమనకు' అన్నది."

"మరి మా బాపు?"

"మీ బాపు పుట్టింది ఆయన వచ్చినంకనే," అంది అవ్వ. చాట తీసుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సోమవారం కంపెనీ బస్సులో అందరూ సినిమా గురించే. హీరో ఎలా బతికాడని ఒకరు, మూడో భాగం ఎప్పుడని ఒకరు. మామూలుగా అయితే కౌకూర్ అక్క గొంతు అన్నిటికన్నా పైన వినిపించాలి. ఆ రోజు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, "నాకు మస్తు పరేషాన్‌గున్నది. ఎవర్నన్న అడుగుదాం పా. ఏదో ఒక సంగతి ఉంటది," అంది. ఆమెకు జవాబు లేని ప్రశ్న నిద్ర పట్టనివ్వదు. నాకూ పట్టలేదు. ముందురోజు రాత్రి ముఖం కడుక్కుంటూ బకెట్టు మూత తీసి, వెంటనే మళ్లీ పెట్టేశాను.

మరుసటి ఆదివారం పొద్దున ముగ్గురం షామీర్‌పేటలో చేపలు పట్టేవాళ్ల ఇళ్ల వైపు వెళ్లాం. వాన తెరిపిచ్చింది. మా అవ్వ ఈడు ముసలాయన ఒకాయన ఇంటి ముందు వల సరిచేసుకుంటున్నాడు. నేను తాత పేరు చెప్పి, ఆయన మనుమరాలినన్నాను.

ఆయన వల వదిలేసి నన్ను చాలాసేపు చూశాడు. నుదురు, ముక్కు, చేతులు.

"ఏ ఆయన మనుమరాలివి?" అన్నాడు.

నేను కౌకూర్ అక్క వైపు చూశాను. వెనక నుంచి దూలపల్లి అబ్బాయి సన్నగా ఏదో దువా చదువుకోవడం వినిపించింది.

"వచ్చినాయన మనుమరాలు," అంది కౌకూర్ అక్క నా బదులు.

ముసలాయన తలూపి, మమ్మల్ని కూర్చోమన్నాడు. అప్పుడు చెప్పాడు. తాత తిరిగొచ్చిన మరుసటి ఎండాకాలం చెరువు బాగా తగ్గింది. ఒకనాడు తాత ఆయన దగ్గరికొచ్చి, తూము కాడ బురదలో తవ్వి చూడమన్నాడు. తాను మాత్రం రానన్నాడు. నలుగురు వెళ్లి తవ్వారు. వలలో చుట్టుకొని ఎముకలు దొరికాయి. ఎడమచేతి ఎముకకు వెండి కడెం ఉంది. అది ఎవరిదో అందరికీ తెలుసు.

"ఏం జేసిండ్రు తాతా?" అన్నాను.

"ఏం జేస్తం? కట్ట అవతల పాతిపెట్టినం. అప్పటికి మీ అవ్వ కడుపుతోటుండె. ఇంట్ల ఉన్నోన్ని ఎల్లగొట్టి, ఆమెను ముండమోపిని జేయాల్నా? పెద్దమనుషులు ఒక్కటే మాటన్నరు, ఎవ్వరు నోరు తెరవద్దని. ఎవ్వరు తెరవలే."

"భయం గాలేదా?" అన్నాడు దూలపల్లి అబ్బాయి.

"ఎవనికి? ముందోనికి భయపడుతుంటిమి మేము. తాగితే కత్తి వట్టుకొని తిరిగేటోడు. వచ్చినోడు ఎవ్వన్ని ఏమనలే. తర్వాత మీ తూంకుంటకు వోయిండు. చెరువు దిక్కు మల్ల రాలే."

ముసలాయన మళ్లీ వల చేతిలోకి తీసుకున్నాడు. మేం లేచాం. కట్ట మీద నుంచి వెళ్తే దగ్గర, కానీ ముగ్గురం మాట్లాడుకోకుండానే రోడ్డు వైపు తిరిగాం. బండి దగ్గరికి వచ్చాక కౌకూర్ అక్క అంది, "నేను ఇంకేం అడగ." అంతకు మించి ఆ విషయం మా మధ్య రాలేదు. సినిమాలకు ఇప్పటికీ వెళ్తాం. ఆమె తప్పులు పడుతూనే ఉంటుంది, అతను సర్ది చెబుతూనే ఉంటాడు. చచ్చినవాడు తిరిగొచ్చే చోట మాత్రం ఇద్దరూ ఊరుకుంటారు.

ఇంటికి వెళ్లాక అవ్వకు అన్నీ చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు. ఆమె విని, "కడెం ఉండెనా?" అంది.

"ఉండెనంట."

"మంచిగ పాతిపెట్టిండ్రా? కుక్కలు తవ్వకుంట?"

"పెట్టిండ్రంట అవ్వా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తనను కొట్టిన మనిషి కోసం ఆమె ఏడుస్తోంది. పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక అడిగాను, బాపుకు ఇదంతా తెలుసా అని.

"మీ బాపుకు ఆయన నాయిన. ఎత్తుకోని పెంచిండు, సదివిచ్చిండు. గంతకన్న ఏం తెల్వాలె?"

చనిపోయిన పెద్దలకు పెట్టే పెత్రామాస వచ్చింది. ఏటా ఆ రోజు అవ్వ తాత ఫోటో ముందు రెండు ఆకుల ఇస్తార్లు వేస్తుంది. రెండోది ముత్తాతదని నేను అనుకునేదాన్ని. ఈసారి మోకాళ్ల నొప్పుల వల్ల నన్ను వడ్డించమంది. ఒకదాంట్లో చేపల పులుసు వేశాను. రెండోదాంట్లో కూడా వేయబోతుంటే చెయ్యి పట్టుకొని ఆపింది.

"అండ్ల వద్దు, పప్పు పెట్టు. ఆయన సేపలు ముట్టకపోయేది."

పప్పు వేసి, నెయ్యి వేశాను. బాపు స్నానం చేసి తడి జుట్టుతో వచ్చి రెండు ఇస్తార్లనూ చూశాడు. ముందు చేపల పులుసు ఉన్న ఇస్తారుకు దండం పెట్టాడు. తర్వాత పప్పు ఉన్నదాని ముందు మోకాళ్ల మీద కూర్చొని, చాలాసేపు లేవలేదు.