బస్సు దాకా తొవ్వ

మా లాల్‌గడి మలక్‌పేట్ లేఅవుట్ నుంచి బస్సు స్టాపు దాకా మనిషి నడిచే దారి లేదని మూడేళ్లుగా అర్జీలు ఇస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. కిందటిసారి అర్జీ తీసుకున్న అధికారి నా ముందే దాని మీద టీ గ్లాసు పెట్టాడు. అది నేను మరిచిపోలేదు. ఏడాది కిందట ఆ రోడ్డు అంచున నా భార్య లక్ష్మమ్మకు బైకు తగిలింది. మోకాలు నయమైంది గానీ, అప్పటినుంచి ఆమె ఒంటరిగా గేటు దాటలేదు. అందుకే ఉన్న ఇల్లు అమ్మి మేడ్చల్ పాత ఊళ్లో కొనగలమేమో చూద్దామని మొన్న మంగళవారం బయలుదేరాం.

ఆమెను స్టాపు దాకా నడిపించే ధైర్యం లేక ఎనిమిదిన్నరకు ఆటో పిలిచాను. శామీర్‌పేటలో తొమ్మిదీ పదికి మేడ్చల్ బస్సు దొరికింది. కండక్టరమ్మ లక్ష్మమ్మకు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ ఇచ్చి, నా దగ్గర డబ్బు తీసుకుంది.

"సర్కారుకు కూడ తెలుసు, ఇంట్ల ఎవరు పెద్దనో," అంది లక్ష్మమ్మ.

పదింటికి మేడ్చల్ బస్టాండులో ఇళ్ల ఏజెంటు కారుతో సిద్ధంగా ఉన్నాడు. దవాఖానా, బడి, కూరగాయల మార్కెట్ అన్నీ తాను చూపించబోయే ఇంటికి రెండు నిమిషాలే అన్నాడు. కారుకా, కాళ్లకా అని లక్ష్మమ్మ అడిగింది. తానెప్పుడూ నడవలేదని అతను ఒప్పుకున్నాడు.

ఇల్లు చిన్నది, రెండు గదులు. ఆమె లోపల ఎక్కువసేపు చూడలేదు. మార్కెట్ ఎటో పక్కింటావిడను అడిగి, సంచి తీసుకుంది.

"నువ్వు రాకు. నేనొక్కదాన్నే పోయొస్త."

అరుగు మీద కూర్చోలేకపోయాను. రెండుసార్లు గల్లీ మలుపు దాకా వెళ్లి వచ్చాను. ఇరుకు గల్లీ, ఇళ్ల నీడ, దర్జీ కొట్టు, కిరాణం. బండ్లు నెమ్మదిగానే పోతున్నాయి. మా ఇంటికంటే ఇంత చిన్న ఇంటికి ధర ఎక్కువేమిటని ఏజెంటును నిలదీశాను.

"మీ తాన గజాలు ఎక్కువే సార్. కానీ కారు లేనోళ్లు గాడ కొనరు. గీడ ముసలోళ్లు, పిల్లలు అన్నిటికీ నడిచే పోతరు. గందుకే గిరాకీ."

మా లేఅవుట్ గీసినవాళ్లు బండ్లకు నలభై అడుగులు వదిలారు, మనిషికి నాలుగు అడుగులు వదల్లేదు. ఇల్లు చూడబోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కారు దిగి నడవండి.

ఇరవై ఐదు నిమిషాలకు లక్ష్మమ్మ వచ్చింది. సంచిలో వంకాయలు, కొత్తిమీర. ముఖమంతా చెమట. దారిలో ఒకామె కుర్చీ వేసి కూర్చోబెట్టిందని, ఎంతో దూరదేశం వెళ్లివచ్చినట్టు చెప్పింది. సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

ఆ ఇల్లు కొనడం మా వల్ల కాదు. బస్టాండు దగ్గర మెస్సులో భోజనం చేశాం. పప్పుచారు బాగుంది. ఒకటీ నలభైకి తిరుగు బస్సు. బస్సులో ఆమె నా మోచేయి తట్టింది.

"రంది పెట్టుకోకు. ఇయ్యాల నాకు భయం పోయింది. బస్సు ఫ్రీ ఇచ్చిండ్రు, బస్సు దాకా తొవ్వ ఇయ్యలే. గదొక్కటి అడుగు."

శామీర్‌పేట నుంచి మళ్లీ ఆటోనే. గేటు దగ్గర దిగాక ఆమె స్టాపు వైపు చాలాసేపు చూసింది. ఇసుక లారీ ఒకటి దుమ్ము లేపుతూ అంచును రాసుకుంటూ పోయింది. అప్పుడు నా చేయి పట్టుకుంది.

అధికారిగారూ, ఇన్నాళ్లూ నాకు జవాబు ఇవ్వలేదు, సరే. ఇప్పుడు అడుగుతున్నది ఆమె. ఈ గేటు నుంచి ఆ స్టాపు దాకా లక్ష్మమ్మ నా చేయి పట్టుకోకుండా ఏ రోజున నడవగలదు? తేదీ రాసి పంపండి.