బియ్యం గింజల మీద ఫోకస్

ఆషాఢం వస్తే మా ఇంట్లో గొడవ మొదలవుతుంది. పెళ్ళిళ్ళు ఉండవు, చేతికి పని ఉండదు, పొద్దున లేచింది మొదలు ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఆ ఏడాది గొడవ కెమెరా గురించి. బాడీ, అంటే లెన్సు తగిలించే అసలు కెమెరా, మార్చాలా, లెన్సు కొనాలా? రెండూ కొనే స్తోమత మాకు లేదు. ఏదో ఒకటే.

మేమిద్దరం ఫొటోలు తీసే బతుకుతున్నాం. తిరుపతిలో ఒక సందులో చిన్న స్టూడియో ఉంది. మా ఆయన మా అమ్మకు తమ్ముడి వరస కాబట్టి పెళ్ళికి ముందూ నాకు మామే, పెళ్ళయ్యాకా మామే. ఆయన నన్ను 'మే' అని పిలుస్తాడు. పెళ్ళి ఆర్డరు ఒప్పుకుంటే స్టేజీ ఆయనది, పెళ్ళికూతుర్ని తయారుచేసే గది నాది. ఆ గదిలోకి మగవాళ్ళను రానివ్వరు.

మా వైపు కల్యాణ మంటపాలు కట్టించినవాళ్ళు స్టేజీ మీద పెట్టిన శ్రద్ధలో పిసరంత కూడా ఆ గది మీద పెట్టరు. ఒక ట్యూబులైటు, ఒక అద్దం, మంచం మీద గుట్టగా పట్టుచీరలు, వాటి మధ్య ఊపిరాడనంత మంది ఆడవాళ్ళు. నేను బీరువాకు వీపు ఆనించి నిలబడి తీయాలి. ఫ్లాష్ కొడితే వెలుగు అద్దంలో పడి నా మొహానికే తిరిగొస్తుంది, పెళ్ళికూతురు కళ్ళు చిట్లిస్తుంది. కొట్టకపోతే అందరూ నల్లగా పడతారు. ఇన్నేళ్ళలో ఆ గదుల్లో నేను తీసిన ఫొటోల్లో నాకు నచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తక్కువ వెలుతురులో పనిచేసే లెన్సు ఒకటుంది. చిన్నది, జూమ్ ఉండదు, అరచేతిలో పడుతుంది. ఒకసారి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చి వాడాను. పెళ్ళికూతురి అవ్వ కాటుక వేలితో తీసి, వంగి, మనవరాలి అరికాలికి దిష్టిచుక్క పెడుతోంది. ఫ్లాష్ లేకుండా తీశాను. అవ్వ వేలు, ఆ పిల్ల నవ్వు ఆపుకుంటున్న మొహం, నేను చూసింది చూసినట్టు వచ్చింది. అప్పటి నుంచి ఆ లెన్సు కోసం మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ప్రతి ఏడాదీ ఏదో ఒక ఖర్చు ముందుకొచ్చేది, "వచ్చే ఆషాఢానికి సూద్దాంలే మే" అనేవాడు. ఆ ఏడాది మాత్రం తప్పకుండా కొంటానని ఒప్పుకున్నాడు.

తీరా ఆషాఢం వచ్చాక మాట మార్చాడు.

"ఈసారికి బాడీ తీసుకుందాం మే."

నాకు పని నేర్పింది ఆయనే. నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి, బాడీ నాలుగేళ్ళకు పాతబడుతుంది, లెన్సు బిడ్డల కాలానికి కూడా ఉంటుంది, కాబట్టి ముందు లెన్సు, తర్వాతే బాడీ అని. నాకే కాదు, టీ కొట్టు దగ్గర కనిపించిన ప్రతి ఫొటోగ్రాఫరుకూ అదే చెప్పేవాడు. విని విని నాకు నోటికొచ్చేసింది.

"ఏం మామా, నీ శాస్త్రం మారిపాయనా?" అన్నాను.

"కాలం మారింది. ఇప్పుడొచ్చే బాడీలు మనిషి కన్ను యాడుండేదీ అవే ఎతుక్కుంటాయి. మనం నొక్కితే సాలు."

"ఇన్నేండ్లూ మనమే కదా ఎతుక్కునింది?"

"పార్టీలు అడగతా ఉండారు మే, మీది ఏం కెమెరా అని," అన్నాడు.

అది అబద్ధం కాదు. ఈ కాలంలో ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మా ఆల్బం తెరిచి చూడరు, కెమెరా ఎంత పెద్దదో చూస్తారు. ప్రతి పెళ్ళిలోనూ బెంగళూరు నుంచి వచ్చిన బావ ఒకడుంటాడు. మెడలో మాకన్నా పెద్ద కెమెరా వేసుకుని, సరిగ్గా తాళి కట్టే సమయానికి మా ముందుకొచ్చి నిలబడతాడు. ఆ బావల పోటీ కోసం నా లెన్సు పోవాలా అని నాకు ఒళ్ళు మండింది. బాడీ అందరికీ కనిపిస్తుంది, గదిలో నేను పడే పాట్లు ఎవరికీ కనిపించవు. ఆ వారమంతా కంచంలో అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. మాట్లాడే ఓపిక కూడా లేదు. ఏళ్ళ తరబడి ఒకే విషయం అడిగితే అడిగే గొంతు కూడా అలసిపోతుంది.

అలా మూతి ముడుచుకుని కూర్చునే రోజుల్లోనే పలమనేరు పెళ్ళి ఆల్బం పని పెట్టుకున్నాను. ఫాల్గుణంలో జరిగిన పెళ్ళి, తెల్లవారుజాము ముహూర్తం, మంటపంలో స్వెట్టర్లు వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. గదిలో నావి, స్టేజీ మీద ఆయనవి, అన్నీ కంప్యూటరులో వేసుకుని తాళి కట్టే ఫొటోల దగ్గరికి వచ్చాను. పెళ్ళికూతురు మసకగా ఉంది. పెళ్ళికొడుకూ మసకే. వాళ్ళకు ముందు, గాలిలో, అక్షింతలు మాత్రం గింజ గింజా స్పష్టంగా ఉన్నాయి. పసుపు అంటిన గింజ, విరిగిన గింజ, అన్నీ లెక్కపెట్టేటట్టు. తర్వాతి ఫొటో చూశాను, బియ్యమే. దాని తర్వాతది, బియ్యమే.

అక్షింతలు పడేటప్పుడు పాత కెమెరా వాటినే పట్టుకుంటుందని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ క్షణంలో చేత్తో లెన్సు తిప్పి మళ్ళీ కళ్ళ మీదికి తెచ్చుకోవాలి. మా ఆయన ఆ పని ఎంత సులువుగా చేసేవాడంటే, అదొక పని అని కూడా నేను మరిచిపోయాను. పాత ఫైళ్ళు తెరిచాను. చిత్తూరు పెళ్ళిలో పూలదండ బాగా వచ్చింది, దండ వేసుకున్న మనిషి రాలేదు. అంతకు ముందు పెళ్ళిలో వెనక నిలబడిన పురోహితుడి చెవి బ్రహ్మాండంగా వచ్చింది. సీజను తొందరలో మంచివి ఏరుకుని పక్కకు పెట్టుకుంటూ పోయాను గానీ, పనికిరానివి ఇన్ని ఎందుకు వస్తున్నాయని ఒక్కసారీ ఆలోచించలేదు. ఫోనులో మెసేజి వస్తే "సదువు మే, అద్దాలు యాడ పెట్టినానో" అని నా చేతికిచ్చేవాడు. ఆ కళ్ళద్దాలు చాలాసార్లు ఆయన జేబులోనే ఉండేవి.

కన్నును తనే వెతుక్కునే కెమెరా ఆయనకు ఎందుకు కావాలో అప్పుడు అర్థమైంది.

మా ఆయన ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. స్టేజీ ఎక్కితే మాత్రం వేరే మనిషి. ఎంత పెద్ద ఇంటి పెళ్ళయినా వియ్యంకుళ్ళను అటు జరగమంటాడు, ఇటు జరగమంటాడు, "కొత్త అల్లుడా, రొంత నవ్వప్పా, కట్నం లెక్క తర్వాత సూసుకుందువులే" అని మంటపమంతా నవ్విస్తాడు. ఆ స్టేజీ లేకపోతే ఆయన ఏమవుతాడో ఊహించుకోవడానికి నాకు భయమేసింది. బియ్యం ఫొటోలన్నీ చెరిపేశాను. వీడియోలోంచి తాళి కట్టే బొమ్మ ఒకటి తీసి ఆల్బంలో పెట్టాను. ఆయనకు ఏమీ చెప్పలేదు.

సాయంత్రం కాఫీ ఇస్తూ, "సరే మామా, బాడీనే తీసుకుందాం," అన్నాను.

"అదేంది? లెన్సు వద్దా?"

"వచ్చే ఆషాఢానికి సూద్దాంలే."

ఆయన మాట నా నోట్లోంచి వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. చాలాసేపు నా వైపే చూశాడు.

తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో చెన్నైలో తగ్గింపులు నడుస్తున్నాయని బస్సెక్కాం. ఊత్తుకోట దాటాక బోర్డులన్నీ తమిళమయ్యాయి, ఎక్కడ చూసినా తగ్గింపులే. బస్సులో ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు గానీ నిద్రపోలేదు. నేనూ పోలేదు. దుకాణం ఒక ఇరుకు వీధిలో, మేడ మీద ఉంది. మా అరకొర తమిళంతోనే అడిగితే దుకాణదారు కొత్త బాడీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. కెమెరా లోంచి చూస్తే మనిషి కంటి చుట్టూ చిన్న పచ్చ గడి పడుతుంది, మనిషి కదిలితే గడి కూడా కదులుతుంది. ఆయన దుకాణదారును చూశాడు, మెట్లెక్కి వస్తున్నవాళ్ళను చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"మే, ఆ గాజు తలుపు కాడ నిలబడు."

నిలబడ్డాను. బస్సు ప్రయాణానికి జుట్టంతా రేగి ఉంది, సరిచేసుకోబుద్ధి కాలేదు. ఆయన కెమెరా కంటికి ఆనించి అలాగే ఉన్నాడు. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే స్పష్టంగా కనిపిస్తుందని దుకాణదారు చెప్పాడు. ఆయన దాన్ని అటు చివరిదాకా తిప్పాడు, ఇటు చివరిదాకా తిప్పాడు. తర్వాత కెమెరా దించాడు.

"గడి కనపడతా ఉండాది మే. దాంట్లో నువ్వు కనపళ్ళేదు."

కాఫీలో చక్కెర తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. పాపం దుకాణదారు కెమెరాలో లోపమనుకుని గుడ్డ తీసి అద్దం తుడవసాగాడు.

"ఎన్నాళ్ళ నుంచి మామా?"

"మాఘం పెండ్లిండ్ల నుంచే. షుగరంట. డాక్టరు సెప్పినాడు, ఉండేది కాపాడుకోవచ్చునంట, పోయింది రాదంట. ఈ కొత్త బాడీ అయినా రొంత ఆదుకుంటాదేమో అనుకున్నా."

"నాకు సెప్పల్ల కదా?"

"సెప్తే స్టేజీ దిగమంటావని."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, పరాయి ఊళ్ళో పరాయి మనిషి ముందు రెండూ మింగాను. ఆయన బాడీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, దుకాణదారుతో నా లెన్సు చూపించమన్నాడు. "ముందు లెన్సు, తర్వాతే బాడీ. నేను సెప్పిన మాట నేనే తప్పితే ఎట్ల?" అన్నాడు. వద్దని నేను అనలేదు. అనడానికి కారణమేదీ మిగల్లేదు. తిరుగు ప్రయాణంలో ఆ పెట్టె నా ఒళ్ళోనే ఉంది. ఇన్నేళ్ళు కోరుకున్నది ఒళ్ళో ఉంటే ఇంత దిగులుగా ఉంటుందని నాకు తెలియదు.

శ్రావణంలో మొదటి పెళ్ళి పూతలపట్టులో. స్టేజీ నాదైంది. ఆయన లైటు పట్టుకుంటానన్నాడు. ఇక పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళడానికి ఎవరూ లేరు. ఆయనను రానివ్వరు, నేను రెండు చోట్ల ఉండలేను. గది సంగతి పెళ్ళికూతురి స్నేహితులే ఫోన్లతో చూసుకుంటామన్నారు. స్టేజీ మీద పట్టపగల్లా లైట్లు, ఏ లెన్సుతో తీసినా వస్తుంది. లెన్సు దొరికింది, అది కావాల్సిన గది పోయింది. స్టేజీ వైపు వెళ్తూ ఓరగా తెరిచిన తలుపులోంచి చూశాను. ఎవరో పెద్దావిడ కాటుక వేలితో వంగుతోంది. అంతలో పురోహితుడు కేకేశాడు.

పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడు. మేళం జోరందుకుంది, చుట్టూ అందరి చేతులూ అక్షింతలతో పైకి లేచాయి. మా ఆయన లైటు పట్టుకుని నా భుజం పక్కకు వచ్చి, మేళంలో వినపడేటట్టు నా చెవి దగ్గరికి వంగాడు.

"బియ్యం పడతాది సూడు. పలమనేరులో మాదిరి కెమెరా దాన్నే పట్టుకుంటాది. నువ్వు మాత్రం కంటి మీద నుంచి కదలొద్దు మే."

చేత్తో లెన్సు తిప్పి, ఆ పిల్ల కళ్ళ మీద నిలిపి నొక్కాను. పలమనేరు ఫొటోలను ఆయన చూడకముందే చెరిపేశానని ఆ క్షణం దాకా అనుకుంటూనే ఉన్నాను.